చుక్కలు కనబడే పాక

ఆ వేళ చిలకమ్మకి తిక్క రేగిపోయింది. రేగదూ మరి! తాటాకు ఎలా కప్పాలో ఆమెకే నేర్పుతున్నారు.

దువ్వాడ అపార్ట్‌మెంట్ల వెంట చేపలమ్మే చిలకమ్మకి మూడో అంతస్తు మిర్యాము పాత బేరం. మిర్యాము మొగుడు యాకోబుకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగు యూదులు వాళ్ళు. పొలుసున్న చేప తప్ప కొనరు, రొయ్య ముట్టరు, పీత వంక చూడరు. ఆ మిర్యామే అడిగింది, "మా పర్ణశాలల పండగొస్తోంది చిలకమ్మా, డాబా మీద చిన్న పాక వేసిపెడతావా?" అని.

ఎగిరి గంతేసినంత పని చేసింది చిలకమ్మ. సముద్రం ఒడ్డున తన పాక పోయి ఏడాదైంది మరి. బీచి అందం చెడిపోతోందని కార్పొరేషన్ మనుషులొచ్చి పీకేశారు. అదీ ఆమె హార్బరులో చేపల వేలం పాటకి వెళ్ళినప్పుడు చూసి! తిరిగొచ్చేసరికి వెదుళ్ళు లారీలో ఉన్నాయి, పొయ్యి ఇసకలో బోర్లా పడుంది. ఇప్పుడు ఊరవతల సిమెంటు గదిలో ఉంటోంది. అందుకే చేతికి మళ్ళీ తాటాకు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆకు మీద ఆకు వేసి, తుఫానొచ్చినా చుక్క దిగకుండా కప్పింది.

మిర్యాము వచ్చి పైకి చూసి నాలిక కరుచుకుంది.

"అయ్యో, ఇలా కాదమ్మా. పలచగా ఉండాలి. లోపల కూర్చుంటే చుక్కలు కనబడాలి."

"వానొత్తే?"

"తడుస్తాం."

"తడవడానికి పాకేటమ్మా? నా పనితనం ఏటనుకున్నావు? ఇసుమంటి కన్నాల కప్పు నాను సెయ్యను!"

మిర్యాము పిట్టగోడ మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మా పెద్దలు బానిసత్వం నుంచి బయటపడి నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారు. ఇళ్ళు లేవు, పాకలే. అది మర్చిపోకూడదని ఏటా వారం రోజులు పాకలో భోంచేస్తాం. గట్టి కప్పుందన్న ధీమా పోవాలి, పైన ఆయనున్నాడని గుర్తుండాలి."

"ఉన్నోళ్ళకి కావాల గుర్తు, నాకెందుకమ్మా?" చిలకమ్మ చేతిలో తాటాకు కింద పడేసింది. "నన్ను పాకలో ఉండనివ్వనేదు. మీరేమో పక్కా ఇల్లెట్టుకుని పాకలో పండగ సేత్తన్నారు. ఇదెక్కడి నాయం?"

"న్యాయం కాదు," అంది మిర్యాము.

ఆ మాటకి చిలకమ్మ కాస్త మెత్తబడింది గానీ కోపం తగ్గలేదు. సణుక్కుంటూనే నిచ్చెనెక్కి ఆకులు పలచన చేసింది.

పొద్దుగూకింది, పున్నమి చంద్రుడొచ్చాడు. పాకలోకి ముందు చుట్టాన్ని పిలవాలట, అదీ వాళ్ళ ఆచారమే. మిర్యాము చిలకమ్మనే పీట మీద కూర్చోబెట్టి పండుగప్ప పులుసు వడ్డించింది. చిలకమ్మ ముద్ద కలిపిందో లేదో, అపార్ట్‌మెంట్ సెక్రటరీ శ్రీరామ్మూర్తి రొప్పుతూ డాబా ఎక్కాడు.

"ఏంటండీ ఈ గుడిసె? బిల్డింగ్ అందం ఏం గాను? మీరు తీస్తారా, నన్ను పీకించమంటారా?"

అందం! చిలకమ్మకి ఒళ్ళు భగ్గుమంది. ముద్ద కంచంలో పడేసి, లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా పాక పీకినప్పుడు నానక్కడ లేను బాబూ. ఇప్పుడున్నాను. సెయ్యెయ్యి, సూద్దాం!"

"చేపలమ్మేదానివి, మధ్యలో నీకేంటి సంబంధం?"

"నానీ పాకకొచ్చిన సుట్టాన్ని!"

యాకోబు ముందుకొచ్చి, "మీరూ లోపలికి రండి సార్, భోంచేద్దురు గాని," అన్నాడు. ఆడికి కూడా పెడతావేటి అన్నట్టు చిలకమ్మ అతన్ని ఉరిమి చూసింది. శ్రీరామ్మూర్తి గుమ్మం బయటే ఆగిపోయాడు. ఎంగిలి చేత్తో అడ్డం నిలబడ్డ మనిషిని ఎలా తోసుకెళ్తాడు?

"ఎన్నాళ్ళిది?"

"వారం రోజులండీ."

"వారం ఏడవండి. అది కాగానే మనుషుల్ని పంపించి పీకిస్తాను."

"ఎవుల్నీ పంపొద్దు!" చిలకమ్మ అరుపుకి పక్క డాబాల మీద జనం తొంగి చూశారు. "వారం అయినాక నానే ఇప్పుతాను. ఆకు ఆకుగా, ముడి ముడిగా నా సేత్తో దించుకుంటాను. ఎవుల పాక ఆళ్ళే ఇప్పుకోవాల బాబూ. నాకది దక్కనేదు."