ఎడమవైపు చిరుగు

లండన్‌లోని వైట్‌చాపెల్‌లో రష్యా యూదులు చేరే టీ దుకాణం అది. గ్రోద్నో నుంచి కొత్తగా దిగిన బండివాడొకడు ఊరి కబుర్లు చెబుతున్నాడు. పక్క బల్ల దగ్గర నాఫ్తలి టీ తాగుతూ వింటున్నాడు.

"ఉప్పుచేపల త్సీపా పోయింది పాపం."

"చావుతో కూడా బేరమాడే ఉంటుంది," అన్నారెవరో.

"ఎక్కడ ఆడింది? కొడుకు జైల్లో చచ్చాడని కబురొచ్చినప్పుడే సగం పోయింది. గౌను చింపుకుని వారమంతా నేల మీద కూర్చుంది. ఇప్పుడు ఆవిడ కోసం అలా దుఃఖానికి కూర్చునే దిక్కు లేదు."

నాఫ్తలి గ్లాసు కింద పెట్టాడు. ఆ కొడుకు తనే.

అప్పుడు అతని పేరు ఎఫ్రాయిమ్. జార్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేసి జైలుకెళ్లాడు. పక్క గదిలో జ్వరంతో చనిపోయిన నాఫ్తలి అనే ఖైదీ పేరు ఇతనికి తగిలించి, చచ్చింది ఎఫ్రాయిమేనని రాయించి బయటపడేసింది వాళ్ల విప్లవ పార్టీకి చెందిన ఒక జైలు కాపలావాడు. అతను ఇంకా అక్కడే కొలువులో ఉన్నాడు. ఎఫ్రాయిమ్ బతికున్నాడని పొక్కితే ఉరి ఆ కాపలావాడికి. పెళ్లానికి కూడా చెప్పొద్దంది పార్టీ. అందుకే పసితనంలోనే తల్లి పోయిందని గిటెల్‌కు చెప్పి పెళ్లి చేసుకున్నాడు.

దుకాణం వెనక పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. యూదుల ఆచారం ప్రకారం అమ్మానాన్నలు పోతే గుండె మీద, ఎడమవైపు బట్ట చించుకోవాలి. పైకి కనబడేలా చించుకునే వీలు లేదు. కోటు లోపలి లైనింగు పట్టుకుని బెత్తెడు చించాడు.

మర్నాడు శుక్రవారం. అతను సాయంత్రం ప్రార్థనకు వెళ్లే ముందు కోటు దులపబోయి గిటెల్ ఆగిపోయింది.

"ఇదేంటి?"

"వర్క్‌షాపులో మేకు పట్టుకుంది."

"మేకు ఇంత తిన్నగా చింపుతుందా? దర్జీ కూతురికి చెప్తున్నావా ఈ కథలు?" నవ్వబోయి, చిరుగు మీద వేలు పెట్టి చూసింది. నవ్వు పోయింది. "ఎడమవైపు."

అతను కోటు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"నాన్న పోయినప్పుడు నేనూ ఇక్కడే చించుకున్నాను. అలాంటిది మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కుట్టకూడదు. నీకూ తెలుసు. ఎవరు పోయారు?"

"పోవడానికి నాకెవరున్నారు?"

"సరే, ఎవరని అడగను. 'కుట్టొద్దు' అను, చాలు. సూది ముట్టుకోను."

ఒక్క మాట అంటే చాలు. కానీ గిటెల్ ముఖానికి ఏదీ దాచడం చేతకాదు. ఆదివారం ఆమె అన్న వస్తాడు, ఏమైందంటాడు, అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఈ వీధిలో జార్ పోలీసులకు కబుర్లు మోసేవాళ్లకు కొదవ లేదు. చీకట్లో తన భుజం పట్టుకుని జైలు తలుపు దాటించిన చెయ్యి ఇంకా గుర్తుంది. తల్లి ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా సరిగ్గా గుర్తు రావడం లేదు.

"కుట్టు," అన్నాడు. "మేకే."

గిటెల్ కోటు లోపలివైపు తిప్పింది. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. ఒక వరస పూర్తయ్యాక, తలెత్తకుండా, దాని మీదే రెండో వరస మొదలుపెట్టింది.

అతను ఆపమనలేదు.