పెత్రోనాకు ముట్టిన పాట

రుఫీనా మెడ మీద కణితి నిమ్మకాయంత ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కమలాపండంతై, పడుకుంటే ఊపిరాడనివ్వకపోయేసరికి కిబ్దో పట్నంలోని ఆసుపత్రికి పరిగెత్తారు. ఆపరేషన్ చేసి తీసేయాల్సిందేనంది డాక్టరమ్మ. అంతవరకూ బాగానే ఉంది. "గొంతు నరం దాని పక్కనే ఉందమ్మా. జాగ్రత్తగానే చేస్తాం. కానీ గొంతు ఇలాగే ఉంటుందని మాటివ్వలేను" అని కూడా అంది.

ఏం చెప్పమంటారు! అత్రాతో నది ఒడ్డున ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా అలబావో ఎత్తుకోవాల్సింది రుఫీనాయే. ఆ చావు పాటతో సాగనంపకపోతే పోయినవాళ్ళకు దారి దొరకదని అక్కడివాళ్ళ గట్టి నమ్మకం. ఆవిడ పాడందే శవం గడప దాటదు. ఇప్పుడు ఆవిడ బెంగంతా ఒక్కరి గురించే. తొంభై దాటిన తల్లి పెత్రోనాకు "నీ పాట నేనే పాడతాను" అని ఎప్పుడో మాటిచ్చింది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ బుద్ధిగా చేసింది. చుట్ట మానేసింది. నాటుసారా జోలికి పోలేదు. ఆపరేషన్‌కు బయల్దేరే ముందురోజు తలంటుకుంది, గోళ్ళ రంగు గీకేసింది, పెళ్ళినాటి చెవికమ్మలు సబ్బు రాసి లాగి తీసింది. పడవలో తడవకుండా సంచీ మూతి గట్టిగా కట్టింది. ఒళ్ళు సిద్ధమైంది గానీ మనసే మొరాయించింది. మధ్యాహ్నం ఉడికించిన అరటికాయ ముక్క మింగలేక, వంటింట్లోనే కూలబడి ఏడ్చింది.

మంచం మీంచి పెత్రోనా కేకేసింది. "ఏమే, ఆ ఏడుపేదో ఇక్కడికొచ్చి ఏడు. నాకు సరిగ్గా వినపడి చావదు!"

రుఫీనా వెళ్ళి పక్కన కూర్చుంది. "నాకింక గొంతుంటుందో లేదో అమ్మా. నీకిచ్చిన మాట..."

"అయితే ఇప్పుడే పాడు."

శవం లేని ఇంట్లో అలబావో పాడటమంటే చావును పేరుపెట్టి పిలవడమే. "నోరు ముయ్యమ్మా! బతికున్నదానికి ఎవరైనా పాడతారా?"

"చావుకి మనిల్లు తెలీదనుకున్నావా? మీ నాన్న కోసం వచ్చింది, నీ అన్నల కోసం వచ్చింది. నేను పోయాక నువ్వెంత బాగా పాడితే మాత్రం నాకేం వినిపిస్తుంది? ఇప్పుడైతే వింటాను. పాడవే."

రుఫీనా కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆ పాట ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవాలి. మొదటి చరణం అయింది. అందుకునేవాళ్ళు లేక ఆగిపోయింది. అప్పుడు పెత్రోనాయే వణికే గొంతుతో అందుకుంది.

చెక్క గోడలాయె, పాట వాడంతా వినబడింది. పక్కింటి మార్సియానా కొవ్వొత్తులు పట్టుకుని వానలో పరిగెత్తుకొచ్చింది. వెనకే మరికొందరు ఆడవాళ్ళు. "అయ్యో పిన్నీ! పొద్దున్నేగా నన్ను తిట్టావు!" అంటూ మార్సియానా లోపలికి వచ్చి, మంచం మీద కూర్చున్న పెత్రోనాను చూసి కొయ్యబారిపోయింది.

"మరి... పోయిందెవరే రుఫీనా?"

"నేనేలే" అంది పెత్రోనా. "నిలబడి చూస్తారేం? అందుకోండి."

మార్సియానా గబగబా సిలువ వేసుకుంది. తిట్టబోయింది కూడా. ఇంతలో రుఫీనా మెడ మీద గడ్డ కనిపించింది. రేపటి ప్రయాణం సంగతి గుర్తొచ్చి నేల మీద చతికిలబడింది. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

రుఫీనా ఉన్న గొంతంతా పెట్టి పాడింది. వీడ్కోలు చరణం దగ్గర దుఃఖం అడ్డుపడి మాట రాలేదు. ఆడవాళ్ళే అందుకుని చివరిదాకా నడిపారు. కొడుకులను పూడ్చిన రోజున కూడా నలుగురిలో కన్నీరు పెట్టని పెత్రోనా వెక్కివెక్కి ఏడ్చింది.

పాట అయ్యాక చెయ్యి చాచి కూతురి మెడ నిమిరింది. "నా పాట నాకు ముట్టింది. ఇక వెళ్ళి కోయించుకో తల్లీ" అంది.