వెండిరంగు తలుపు

తోడికోడళ్ళిద్దరూ రోజూ ఒకే బస్సు దిగి ఒకే షెడ్డులోకి నడిచేవారు. లోపలికి అడుగుపెట్టగానే పెద్దకోడలికి తాను వెనకబడిపోయినట్టు అనిపించేది.

నిజానికి ముందు దారి వెతికింది తనే. ఎనిమిదేళ్ళు కరపత్రాలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేసిన ప్రెస్సు మూతపడింది. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక, బండ్లకు రంగుల ఫిల్ము అంటించడం నేర్పే చోటు కోసం వాకబు చేసింది తను. దరఖాస్తు నింపింది తను. చివర్లో అత్తగారు ఒక్క మాటతో చెడగొట్టింది. "ఒక్కదానివీ అంత దూరం ఎందుకే? చిన్నదాన్ని కూడా తీసుకెళ్ళు, తోడుంటుంది."

ఆ తోడు ఏకై వచ్చి మేకై కూర్చుంది.

మొదటి వారం బాగానే గడిచింది. కంప్యూటరులో బండి బొమ్మ మీద డిజైన్ వేయడం పెద్దకోడలికి వెన్నతో పెట్టిన విద్య. షెడ్డు యజమానురాలు, అందరూ మేస్త్రమ్మ అని పిలిచే ఆవిడ, వెనక నిలబడి చూసి "బాగుంది" అంది. పొగడ్తల్లో ఆవిడ పిసినారి. ఆ ఒక్క మాటతో పెద్దకోడలికి రెండు రోజులు ఆకలి వేయలేదు.

రెండో వారం ఫిల్ము చేతికొచ్చింది, పరువు పోయింది. కారు పక్క అద్దానికి ఉండే డిప్ప మీద ఫిల్ము అంటించమంటే పెద్దకోడలి ఫిల్ము ముడతలు పడింది, బుడగలు లేచాయి, చివరికి చిరిగింది. చిన్నకోడలు హీట్ గన్‌తో కాస్త వెచ్చచేసి రెండు వేళ్ళతో లాగింది. అంతే, పాల మీద మీగడలా సర్దుకుంది. ఇంట్లో మంచం మీద దుప్పటి తిన్నగా పరచడం రాని మనిషి!

"ఏం చేతులే ఇవి! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అంది మేస్త్రమ్మ.

"ఏమో మేస్త్రమ్మా, దానంతటదే వచ్చేస్తోంది."

దానంతటదే వచ్చేస్తోందట. ఆ మాట పెద్దకోడలి చెవిలో కరిగిన సీసంలా దిగింది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఇంకో వడ్డన. "అన్నీ అక్కే నేర్పుతోంది అత్తయ్యా" అని చిన్నది నవ్వుతూ చెప్పింది. తిట్టినా బాగుండేది. ఆ మంచితనానికే ఎక్కువ కడుపు మండింది.

మూడో వారం మేస్త్రమ్మ బాంబు పేల్చింది. "మీలో ఒకరిని పనిలోకి తీసుకుంటాను. ఒక్కరినే. రేపు బేకరీవాళ్ళ వ్యాను వస్తుంది. ఎడమవైపు పెద్దామె, కుడివైపు చిన్నామె. నాలుగింటికి బేకరీ ఆయన బండి తీసుకెళ్ళాలి. చూసేది పనే, మొహాలు కాదు."

ఆ రాత్రి పెద్దకోడలికి కంటి మీద కునుకు లేదు. చిన్నది హాయిగా గురక పెట్టింది. అదీ గోడ అవతలికి వినపడేలా.

వ్యానుకు అంటించాల్సింది వెండిరంగు ఫిల్ము. మెరుపు పొడి కలిసిన ఈ రకంతో ఒక చిక్కుంది. ముక్కలన్నీ ఒకే దిశలో అంటించాలి. ఒక ముక్కను అడ్డంగా తిప్పితే షెడ్డులో ట్యూబులైటు కింద తేడా కనపడదు, ఎండలో రంగు మారిపోతుంది. అందుకే వెనక కాగితం మీద బాణం గుర్తులుంటాయి. అందుకే షెడ్డులో ఒక చట్టం కూడా ఉంది. ముక్క కోసినవాళ్ళు కాక ఇంకొకరు బాణం చూసి, కాగితం మీద టిక్కు పెట్టాలి. ఆ తర్వాతే కాగితం ఒలవాలి. తన ముక్కకు తనే టిక్కు పెట్టుకున్నవాళ్ళు ఇంటికే.

పదకొండింటికి చిన్నకోడలు ముక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, తలుపు ముక్క. ఒక్కసారి చూసి టిక్కు పెట్టవూ?"

పెద్దకోడలు చూసింది. బాణం అడ్డంగా ఉంది. మిగిలిన ఫిల్ములో సరిపోతుందని చిన్నది ముక్కను తిప్పి కోసింది.

'తిప్పి కోశావే' అనడానికి ఎంతసేపు? ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. పెన్సిలు తీసుకుని టిక్కు పెట్టేసింది.

"థాంక్స్ అక్కా! నువ్వు లేకపోతే నా గతేమిటో!"

పెద్దకోడలు తన వైపుకు తిరిగి పని చేసుకుంది. వ్యాను అవతల నుంచి, ఫిల్ము కింది గాలిని బయటికి తోసే స్క్వీజీ బద్ద గీసిన చప్పుడు సాఫీగా వినిపిస్తూనే ఉంది. తప్పు ముక్కను కూడా ఎంత అందంగా అంటిస్తోంది పాపిష్టిది!

రెండింటికి మేస్త్రమ్మ వ్యానును బయటికి తీసింది. ఎండ పడింది. ఎడమవైపంతా తళతళలాడింది. అక్కడక్కడ రెండు బుడగలున్నా రంగు ఒకటే. కుడివైపు తలుపు మాత్రం బూడిద పూసినట్టు మసకగా తేలింది.

"ఇదేమిటి?" అంది మేస్త్రమ్మ. "వేరే బండి తలుపు ఊడబెరికి తగిలించినట్టుంది!"

చిన్నకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రమ్మ లోపలికెళ్ళి, ఒలిచిన కాగితాల కట్టలోంచి తలుపు కాగితం లాగింది. అడ్డంగా బాణం. దాని పక్కనే టిక్కు.

"నేర్చుకునేవాళ్ళు తిప్పి కోస్తారు, నేనూ కోశాను. కానీ ఈ టిక్కు ఎవరు పెట్టారు?"

పెద్దకోడలు లోపల లెక్క వేసుకుంది. చూడలేదంటే గుడ్డిది. చూశానంటే దొంగది.

"నేనే" అంది చిన్నకోడలు. "అక్క పనిలో ఉంది. తనకి చూపించకుండా నేనే టిక్కు పెట్టుకున్నాను మేస్త్రమ్మా."

మేస్త్రమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "అయితే బ్యాగు తీసుకో."

అయిపోయింది. ఉద్యోగం తనదే. నోరు మూసుకుని నిలబడితే చాలు. చిన్నకోడలు మేకుకు తగిలించిన బ్యాగు తీసుకుంది. పోతూ పోతూ తోడికోడలి వైపు చూసి 'ఫరవాలేదులే' అన్నట్టు తల ఊపింది.

ఆ తల ఊపుడే కొంప ముంచింది. చేతి నైపుణ్యం దానిదే, పొగడ్తలు దానివే, ఇప్పుడు త్యాగం కూడా దానిదేనా? బతికినంత కాలం దీని దయ మోస్తూ పనికి రావాలా?

"ఆగవే!" అని అరిచింది పెద్దకోడలు. "అబద్ధం మేస్త్రమ్మా! టిక్కు నాది. బాణం చూశాను. అడ్డంగా ఉందని తెలిసే పెట్టాను."



చిన్నకోడలు బ్యాగు కింద పడేసింది. "తెలిసా? నేను... పొరపాటున చూడలేదేమో అనుకున్నాను. నీకు ఈ ఉద్యోగం ఎంత ముఖ్యమో అని... తెలిసే పెట్టావా?"

"తెలిసే."

మేస్త్రమ్మ గడియారం చూసింది. "ఇంకా రెండు గంటలుంది. కొత్త ముక్క కోయండి, తలుపు మళ్ళీ చెయ్యండి. చిన్నామె రేపటి నుంచి పనిలోకి వస్తుంది. అబద్ధం సంగతి దాంతో తర్వాత మాట్లాడతాను. పెద్దామె, నీకు నా దగ్గర చోటు లేదు. కళ్ళు లేనివాళ్ళకైనా నేర్పుతాను గానీ, చూసి చెప్పనివాళ్ళకి నేర్పలేను."

పెద్దకోడలు తల ఊపి హీట్ గన్ అందుకుంది. ఫిల్ము అంచు వెచ్చచేసి మెల్లగా ఒలవసాగింది. కళ్ళు మండుతున్నాయి. వేడికే అనుకుంది.

"అలా లాగితే జిగురు బండికే ఉండిపోతుంది!" చిన్నకోడలు గయ్యిమంది. "ఇంకా కిందికి వంచి లాగు. చెప్తే వినవేం? ఇంట్లో పెద్దరికం ఇక్కడ చూపించకు. ఛీ, నీతో మాట్లాడటమే దండగ! సాయంత్రం బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నావో, చూడు!"

మూడు వారాల్లో చిన్నది ఇలా మాట్లాడటం ఇదే మొదటిసారి. నవ్వు లేదు, 'అక్కా' లేదు. అచ్చం మామూలు మనిషిలా, ముక్కుపుటాలు ఎగరేస్తూ తిట్టింది.

పెద్దకోడలు ఫిల్మును ఇంకాస్త కిందికి వంచి లాగింది. అది శుభ్రంగా ఊడి వచ్చింది. ఉద్యోగం పోయిన బాధ గుండెలో రాయిలా ఉంది. అయినా ఆ తిట్లు ఒక్కొక్కటీ వింటుంటే, ఎందుకో, ప్రాణానికి కాస్త హాయిగా ఉంది.