కొండ పోయాక మిగిలిన దిబ్బ

ఓర్లీనా తన తల్లి సమాధి చూడాలంటే బొగ్గు కంపెనీని అడగాలి. వెంట వాళ్ల మనిషి ఉండాలి. ఆ ఆదివారం అలా వచ్చింది కంపెనీలో పనిచేసే ఆమె చెల్లెలి కొడుకు డెంజిల్.

"పెద్దమ్మా, అంచు దగ్గరికి మాత్రం వెళ్లకు," అన్నాడు జీపు ఆపి.

"ఒరేయ్, నీకు నడక వచ్చిందే ఈ కొండమీద. నాకు జాగ్రత్తలు చెప్తున్నావా?"

వాడు నవ్వబోయి ఆగాడు. కొండేది? అమెరికాలోని కెంటకీలో తాతల నాటి ఆ శిఖరాన్ని బొగ్గు కోసం చుట్టూ పేల్చి చదును చేసేశారు. పేల్చడానికి చట్టం ఒప్పుకోనందుకు శ్మశానం ఒక్కటే ఆ బూడిదరంగు మైదానంలో దిబ్బలా మిగిలింది.

తల్లి సమాధిరాయి పక్కకు ఒరిగింది. కింద నేల నెర్రె విచ్చింది. ఓర్లీనా మోకాళ్లమీద కూర్చుని అందులో చెయ్యి పెట్టింది. చల్లటి గాలి తగిలింది. దానితోపాటే సన్నటి కూనిరాగం.

"వినపడుతోందిరా?"

డెంజిల్ వంగి విన్నాడు. "కింద పాత గని సొరంగం ఉంది పెద్దమ్మా. గాలి చప్పుడు."

"చిక్కుడుకాయలు ఒలుస్తూ అమ్మ పాడుకునే పాటరా అది."

వాడు తలెత్తలేదు. "ఇక్కడ పేలుడు మందు కూరింది నేనే. నేల పగులుతుందని చెప్పాను, పైవాళ్లు వినలేదు. పిల్లలున్నారు, పని మానలేకపోయాను."

ఆమె తిట్టలేదు. "పార తీసుకురా. అమ్మని ఇంటికి తీసుకెళ్దాం."

"పర్మిషన్ లేకుండా తవ్వితే నా ఉద్యోగం పోతుంది."

"మీరు పేల్చేముందు అమ్మని అడిగారా?"

వాడు జీపులోంచి పార తెచ్చి తవ్వడం మొదలుపెట్టాడు. నడుములోతుకు వచ్చేసరికి పార కింద మట్టి జారిపోయింది. శవపేటిక లేదు. అడుగు కనపడని చీకటి ఉంది, అంతే. కూనిరాగం ఆగిపోయింది.

డెంజిల్ గుంటలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా "అమ్మమ్మా!" అని పిలిచాడు.

చాలాసేపటికి కింద నుంచి "ఊఁ" అని వినిపించింది. అది వాడి గొంతు కాదు.

ఓర్లీనా వాడి చొక్కా పట్టుకుని పైకి లాగింది. గుంట పూడ్చనివ్వలేదు.

కంపెనీకి తెలిసి డెంజిల్‌ని తీసేశారు. వాడిప్పుడు దూరంగా కలప మిల్లులో చేస్తున్నాడు. కొండ పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. ఓర్లీనా మాత్రం ఇప్పటికీ వెళ్తుంది. గుంట పక్కన కూర్చుని ఇంటి కబుర్లన్నీ చెప్తుంది, మధ్యమధ్య ఆగి వింటుంది. వెంట వచ్చే కంపెనీ కొత్త మనుషులు జీపు దిగరు. అద్దాలెత్తేసి, రేడియో గట్టిగా పెట్టుకుంటారు.