నోట రాని పేరు

మొదట గంట మోగింది. ఇత్తడి గంట, సన్నని గొంతు. లోపల మగ్గం టకాటకా తన పాట తాను పాడుకుంటూనే ఉంది. గంట మళ్ళీ మోగింది. మగ్గమూ ఆగలేదు, అరుగు మీది పిల్లవాడూ తల తిప్పలేదు.

“చూశారా?” అన్నాడు డాక్టరు అంకమ్మరావు, పిల్లవాడి వీపు వెనుక గంట పట్టుకుని, పందెం గెలిచినవాడిలా.

అరుగు చివర కూర్చున్న నాయనమ్మ నాంచారమ్మ గంట వంకా, మనవడి వంకా మార్చి మార్చి చూసింది. మంగళగిరి సాలెవీధిలో పుట్టి, చప్పుడైనప్పుడల్లా తల తిప్పుకుంటూ పోతే మనవడికి మెడ మిగులుతుందా? ఆ మాట అంత చదువుకున్నాయనతో అనే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఇదంతా రోశయ్య మాస్టారి చలవ. బడిలో ఆయన రోజూ హాజరు పిలిచాడు. ఎదుటే కూర్చున్న పిల్లవాడు రోజూ పలకలేదు. ఆయన రోజూ రాలేదనే వేసుకున్నాడు. బొత్తిగా బడికి రాని పిల్లవాడు బొత్తిగా కదలకుండా కళ్ళెదుటే కూర్చోవడమేమిటని చివరికి అనుమానం పుట్టి, చెవిటి మూగ అని తేల్చుకుని, పిల్లల మాటను పరీక్షించే ఈ డాక్టరును గుంటూరు నుంచి పంచాయతీ సమితి జీపులో రప్పించాడు.

“ఇంట్లో నోరు మూయడండీ,” అంది కోడలు మల్లేశ్వరి తలుపు చాటు నుంచి. “కొత్తవాళ్ళుంటేనే బెదురు.”

“తల్లులందరూ అదే అంటారమ్మా.”

డాక్టరు పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పిల్లవాడు మెల్లగా, లోపల మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న తాత వైపు చూశాడు. “చూపు కూడా నిలవడం లేదు,” అన్నాడు డాక్టరు విచారంగా.

ఆ పేరు తాతది. మనవడికి పెట్టారు గాని, పిలిచే నోరు ఆ ఇంట్లో లేదు. నాంచారమ్మ మొగుడి పేరు అనదు. మల్లేశ్వరి మామగారి పేరు అనదు. చీరల మూటతో ఒంగోలు వెళ్ళిన కొడుకు తండ్రి పేరు అనడు. తన పేరు తాను పలికితే ఆయుష్షు తరుగుతుందని తాత నమ్మకం.

“అబ్బీ అని పిలవండి బాబూ, పలుకుతాడు,” అంది నాంచారమ్మ.

“అబ్బీ అంటే జిల్లాలో సగంమంది పలుకుతారు. అది పరీక్ష కాదు. ఇంటివాళ్ళే పేరు పెట్టి పిలవాలి. దానికీ తిరగకపోతే మద్రాసులో చెవిటి మూగ పిల్లల బడి ఉంది, అక్కడే ఉంచి చదివిస్తారు. రేపే పంపుదాం.”

మద్రాసు అనేసరికి నాంచారమ్మ లేచి నిలబడింది.

“పిలువొదినా,” అంది ఎదురింటి సుబ్బరావమ్మ. “ఆ మగ్గం మోతలో అన్నయ్యకేం వినపడుద్ది?”

“నువ్వు పిలవరాదూ?”

“బానే ఉంది. అన్న పేరు నేనెట్టా అంటా?”

పెళ్ళినాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలిచి చెప్పమంటే గొణిగిన పేరు అది. తరువాత నాలుక మీదికి రానివ్వలేదు. హరికథలో ఆ పేరు రాబోతున్నదని తోస్తే చాలు, దాసుగారికి దణ్ణం పెట్టి లేచి వచ్చేసేది.

నాంచారమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. కళ్ళు మూసుకుంది. మొగుడి ముఖమూ కనిపించింది, మద్రాసు రైలూ కనిపించింది. రైలు వైపు గుడ్లురిమి, వీధి చివరిదాకా వినపడేలా ఆ పేరు పెట్టి పిలిచింది.

మగ్గం ఆగింది.

“ఏమే,” గుంటలోంచి తాత గొంతు వణికింది, “నన్నేనా?”

వీధంతా లోపలి గుంట వైపు తిరిగింది. డాక్టరు మాత్రం పిల్లవాడి మెడ వంకే చూస్తున్నాడు. మెడ తిరగలేదు. పిల్లవాడే లేచాడు. అరుగు దిగి, డాక్టరు గంట దాటి, లోపలికి నడిచి, మగ్గం గుంట అంచున నిలబడి తాతను మందలించాడు.

“నిన్ను కాదు తాతా, నువ్వు నేసుకో. నాయనమ్మ పిలిచింది నన్ను. మద్రాసు పంపకూడదని పిలిచింది. ఇక నుంచి నేను మార్కండేయులు.”