మిర్యాలగూడ సైటుకు ప్రవళిక

చెవిలో ఇయర్‌ఫోన్‌తో మీటింగు వింటూనే పప్పుకు తాలింపు పెట్టడం ప్రవళికకు అలవాటే. సూర్యాపేటలో ఇంటి నుంచే ఆమె ఒక హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంది. సర్వర్లనూ, డేటా దాచే స్టోరేజీ పెట్టెలనూ కలిపే స్విచ్‌లను సిద్ధం చేయడం ఆమె పని. ఎవరైనా అడిగితే భర్త బాలాజీ మాత్రం, "ఇంట్లనే ఉంటది, ఏదో టైపింగ్" అంటాడు. ఇంట్లనే ఉంటది కాబట్టి గ్యాసు బండ వస్తే ఆమే లేవాలి, చుట్టాలొస్తే చాయ్ ఆమే పెట్టాలి. "దినామంతా ఆ డబ్బా ముందటనే కూసుంటది" అని అత్త గౌరీబాయి పక్కింటామెతో అంటుంటే, కూర్చోనిస్తే కదా అని ప్రవళిక లోపలే నవ్వుకునేది. ఆఫీసులోనూ అంతే. స్విచ్‌లు బిగించే సైటుకు ఎప్పుడూ తోటి ఉద్యోగి రాజేందరే వెళ్లేవాడు, పేరూ అతనికే. తననూ పంపమని అడిగితే మేనేజరు, "మీకు ఇల్లుంటది గద మేడమ్" అన్నాడు. రాజేందర్‌కు ఇల్లు లేనట్టు.

ఇప్పుడు రాజేందర్ చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టాడు. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానకు కొత్త స్విచ్‌లు వచ్చాయి. ఎవరు వెళ్తారని మీటింగులో మేనేజరు అడుగుతుండగానే, గరిటె చేత్తో పట్టుకుని "నేను పోత" అనేసింది.  అన్నాక హాయిగా అనిపించింది.

"ఇంట్ల నుంచే చెయ్యరాదా?" అన్నాడు బాలాజీ.

"రాదు" అని మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

దవాఖానలో కంప్యూటర్లు చూసుకునే హన్మా అప్పటికే వైర్లు పెట్టి ఉంచాడు. స్విచ్‌లో వైరు గుచ్చే ఏ పోర్టుకు అవతల ఏముందో దాన్నిబట్టి మోడ్ పెట్టాలి. సర్వరుంటే ఒకటి, ఇంకో స్విచ్ ఉంటే మరొకటి. ప్రవళిక ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చింది. అన్ని పోర్టుల లైట్లూ వెలిగాయి గానీ, రెండు స్విచ్‌ల మధ్య లింకు మాత్రం కలవలేదు. ఇంట్లో ఉంటే ఫోన్లో ఎవరినో బతిమాలి, చూసి చెప్పమనేది. ఇప్పుడు తనే స్విచ్‌లున్న ర్యాక్ వెనక్కి వంగి, వైరు వెంబడి వేళ్లు పోనిచ్చింది.

"అన్నా, ఈ వైరు పక్క పోర్టుల పడ్డది. ఆ పోర్టు సర్వరు మోడ్‌ల ఉన్నది."

"అరె, నేనే పెట్టిన మేడమ్."

"ఏం గాదు" అంటూ తీసి, సరైన దాంట్లో నొక్కింది. టక్కుమంది. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. ఆ చిన్న చప్పుడు ఇంటి నుంచి చేసినన్నాళ్లూ ఆమె వినలేదు. మధ్యాహ్నానికి రోగుల స్కానింగు బొమ్మలు స్టోరేజీ పెట్టెలోకి చేరుతుంటే, తన చేత్తో వండింది ఎవరో తింటుంటే చూసినట్టు కాక, అచ్చంగా తన కోసమే సంతోషపడింది.

తిరుగు బస్సులో పక్కనున్న పెద్దామె మాట కలిపింది. "ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"దవాఖానల్ల కంప్యూటర్లను ఒకదాంతోటి ఒకటి కలుపుత. ఇయ్యాల మిర్యాలగూడ. ఇగ ఏడికి పిలిస్తె గాడికి పోత."

"మరి ఇంట్ల వంట?"

"మా ఆయన చేస్తడు."

"మంచోడే" అని ఆమె మెచ్చుకోలుగా తలూపింది.

ఆ సంగతి బాలాజీకి ఇంకా తెలియదు. ప్రవళిక నవ్వు ఆపుకుంటూ, చెప్పడానికి ఫోను తీసింది.