వేళ్ళకు తెలియని గీత

కారు వెనక తలుపు కిటికీ కింద ఉన్న క్రోమ్ పట్టీని నూకయ్య మూడోసారి తుడిచాడు. మెరిసే పట్టీ మీద దుమ్ము కనబడి చావదు. పైన స్టిక్కరు అంటించాక మాత్రం ఆవగింజంత నలుసైనా మొటిమలా లేచి కూర్చుంటుంది. తుడవడానికి బద్ధకించేవాడు ఈ పనికి పనికిరాడని ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు తక్కువ.

రాజాంలో బొబ్బిలి రోడ్డు మీద కొండబాబు కొట్టు అది. పైన రేకులు, కింద ఎగుడుదిగుడు సిమెంటు. పదిగంటలకే ఎండ నెత్తి మీదికొచ్చింది. మొన్నమొన్నటిదాకా లేని మెరుపు అతికించమని వచ్చినవాళ్ళే, ఇప్పుడు ఉన్న మెరుపు నల్లగా కప్పెట్టమని వస్తున్నారు. లోకం తీరుకి ఆశ్చర్యపోవడం నూకయ్య ఎప్పుడో మానేశాడు. ఈ తెల్లకారు కాలేజీలో లెక్కలు చెప్పే నరసింగరావు మాస్టారిది. అయిదింటికి వచ్చి తీసుకెళతానన్నాడు.

నూకయ్యకి యాభై ఆరు. సన్నటి మనిషి, కూర్చుంటే మోకాళ్ళు చెవులదాకా వస్తాయి, లేవాలంటే మాత్రం కారు చక్రాన్ని బతిమాలుకోవాలి. నల్లటి స్టిక్కరు సాగదీసి, వేడిగాలి పట్టించి, గుడ్డ చుట్టిన చెక్కతో పట్టీ వంపు పొడుగునా అదిమాడు. ఇక బ్లేడు పని. అంచున మిగిలిన స్టిక్కరు తెగాలి, అడుగున ఉన్న క్రోమ్ మీద గీత పడకూడదు. ఆ తేడా వెంట్రుకవాసి. అది కంటికి కనబడేది కాదు, వేలికి తెలియాలి.

వేళ్ళు అతనికి అయ్య ఇచ్చిన ఆస్తి. కళింగపట్నం దగ్గర సముద్రంలో గేలం తాడు చూపుడువేలి మీదుగా వదిలి, అడుగున కొరికింది ఏ చేపో చూడకుండానే చెప్పేవాడు అయ్య. నూకయ్యకీ ఆ వేలు వచ్చింది, కడుపే రాలేదు. పడవెక్కితే చాలు, దేవుకుని దేవుకుని కక్కేసేవాడు. "సేప కడుపున పుట్టి నీళ్ళకి జడుస్తాడేట్రా ఈడు!" అని పేటంతా నవ్వితే, ఆ నవ్వు పడలేక పంతొమ్మిదో ఏట రాజాం వచ్చిపడ్డాడు. బస్సుల మీద పేర్లు రాశాడు, నంబరు ప్లేట్లు రాశాడు, ఆఖరికి ఈ స్టిక్కర్ల పనిలో చెయ్యి తిరిగినవాడు అనిపించుకున్నాడు.

ఆ చెయ్యే ఎనిమిది నెలలుగా మొద్దుబారుతోంది. షుగరు. ముందు కాళ్ళు, తరవాత వేళ్ళు. పొయ్యి మీద మరుగుతున్న టీ గిన్నెని ఉత్తచేత్తో దింపినరోజున భార్య జగ్గమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. తిండికేం లోటు లేదు, కొడుకు గరివిడిలో ఉద్యోగం చేస్తున్నాడు. కానీ ఈ కొట్టు దాటితే తనెవరో నూకయ్యకే తెలియదు. అతని భయమంతా అదే.

బ్లేడు వంపు తిరిగి మూలకొచ్చింది. తెల్లటి తలుపు మీద ఎర్రటి చుక్క పడింది. ఎక్కడిదా అని చూస్తే తన ఎడమ బొటనవేలు. చీరుకుపోయి ఉంది, చీమ కుట్టినంతైనా తెలియలేదు. తెగిన వేలికే తెలియకపోతే, తెగ్గోసిన చేతికి ఏం తెలిసినట్టు?

స్టిక్కరు కొస మెల్లగా ఎత్తి చూశాడు. క్రోమ్ మీద జానెడు పొడుగున గీత. దాని మీద అడ్డంగా గోరు పోనిచ్చాడు. గోరు ఏమీ చెప్పలేదు. కళ్ళు మాత్రం చెప్పాయి.

తలుపు మీది నెత్తురు తుడిచి, స్టిక్కరు మళ్ళీ అంటించి అదిమాడు. గీత మాయమైంది. ఇంత శుభ్రంగా ఈమధ్య ఏ పట్టీ కుదరలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి రెండు ముద్దలు తిని మూసేశాడు. తేలు కుట్టిన దొంగలా సాయంత్రందాకా మిగతా పట్టీలు అంటిస్తూనే ఉన్నాడు.

మాస్టారు అయిదింటికే వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, పట్టీల మీద చెయ్యి వేసి నిమిరాడు.

"నీ చెయ్యి పడితే ఇంక చూసుకోనక్కర్లేదు నూకయ్యా. ఎక్కడా వంక లేదు."

ఆ మాట తట్టుకోలేకపోయాడు నూకయ్య. తిట్టినా బాగుండేది.

"బాబూ, దీని కింద గీతున్నాది. నానే గీసేసినాను," అని స్టిక్కరు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మూలనుంచి మూలకి క్రోమ్ తళతళమని బయటపడింది, ఒక మూల గీత.

కొండబాబు పరుగున వచ్చాడు. "ఏటి మావా, మతిపోనాదేటి? అంటించీసిన దాన్ని ఎవుడు సూడొచ్చాడు?"

మాస్టారు వంగి చూసి అన్నాడు. "పోనీలే నూకయ్యా. పైన మళ్ళీ వేసెయ్. ఎలాగూ కనబడదు కదా."

"ఇయ్యాల నెత్తురు సుక్క పడబట్టి సూసినాను బాబూ. రేపు ఎవులిది గీసేత్తానో నాకే తెల్దు. సెయ్యి సచ్చిపోనాది." కొండబాబు వైపు తిరిగాడు. "ఎనిమిది నెల్లయినాదిరా. నీకు సెప్పలేకపోనాను."

కొండబాబు దగ్గరికి జరిగాడు. మావ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎండిన నెత్తురు, పాత కాలిన మచ్చలు. పదేళ్ళుగా పక్కనే పనిచేస్తూ ఒక్కనాడైనా ఈ చేతిని చూడలేదే అని సిగ్గుపడ్డాడు.

"రేపొచ్చి కుర్సీలో కూకో మావా. సెప్పు సాలు, మేం సేత్తాం."

నూకయ్య తలూపాడు. లాగేసిన ముక్కని కొట్టు గోడకి అంటించి, కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కున్నాడు. చొక్కా మార్చుకుని, క్యారేజీ తీసుకుని, రోడ్డు దాటి జనంలో కలిసిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం పోయాక కొండబాబు అతని ఇంటికెళితే, ఇంట్లోనే ఉండి జగ్గమ్మ చేత లేడనిపించాడు.

మాస్టారి కారుకి కొత్త పట్టీ కొండబాబే వేసి పంపాడు. నూకయ్య లాగేసిన ముక్క మాత్రం కొట్టు గోడకే అతుక్కుని ఉంది, పట్టీ వంపు ఇంకా విడవకుండా, ఒక చివర ఎండిపోయిన నెత్తుటి వేలిముద్రతో.